పెరటిలో మామిడి అల్లం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం, వృక్షశాస్త్ర విద్యార్థి)



సావనీరుకు ఏదైనా వ్యాసం రాసివ్వమని మా విద్యార్థి సంఘ కార్యదర్శి అడిగినప్పుడు, అణువులూ అంతరిక్షమూ గురించి రాద్దామా అని ముందు అనుకున్నాను. వాటిని నాకంటె బాగా రాసేవారు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసినది మట్టి. మాది దుగ్గిరాల దరిదాపుల్లో పసుపు పండించే రైతు కుటుంబం. కావున పసుపుకు దగ్గరి చుట్టమూ, ఇంటి పెరట్లో ఎవరైనా పెంచుకోదగినదీ అయిన మామిడి అల్లాన్ని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో కొంత పుస్తకాల్లో చదివింది, కొంత మా నాయనమ్మ చెప్పింది, ఇంకొంత నేను స్వయంగా చెడగొట్టి నేర్చుకున్నది.

పేరుకు అల్లం, పుట్టుకకు పసుపు

మామిడి అల్లం చూడటానికి అల్లంలా ఉంటుంది. విరిచి వాసన చూస్తే పచ్చి మామిడికాయ గుర్తొస్తుంది. నిజానికి ఇది అల్లమూ కాదు, మామిడీ కాదు. అల్లం శాస్త్రీయ నామం జింజిబర్ అఫిసినాలె. మామిడి అల్లం శాస్త్రీయ నామం కుర్కుమా అమడా. పసుపు కుర్కుమా లాంగా. అనగా అల్లం, పసుపు, మామిడి అల్లం మూడూ జింజిబరేసీ కుటుంబానికి చెందినవే అయినా, మామిడి అల్లం మాత్రం పసుపు ప్రజాతిలోనిది. ఆకులు చూస్తే ఈ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. అల్లం ఆకు సన్నగా గడ్డిపోచలాగ ఉంటుంది. మామిడి అల్లం ఆకు వెడల్పుగా పసుపు ఆకులాగే ఉంటుంది. పెరట్లో రెండూ పక్కపక్కన వేస్తే దుంప తవ్వేదాకా పోల్చుకోవటం మా నాన్నకే కష్టం.

ఈ మొక్కకు శాస్త్రీయ నామం పెట్టి 1810లో వర్ణన ప్రకటించినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళకముందు మన సామర్లకోటలో తోట వేసి మొక్కల మీద పరిశోధన చేశాడని తెలిస్తే మనకు సంతోషం కలుగుతుంది. 'అమడా' అన్న మాట లాటిన్ కాదు. బెంగాలీలో 'ఆమ్' అంటే మామిడి, 'ఆదా' అంటే అల్లం. రెండూ కలిసి ఆమాదా. తమిళులు మాంగాయ్ ఇంజి అంటారు. కన్నడిగులు మావిన శుంఠి అంటారు. హిందీలో ఆమా హల్దీ అని, మరాఠీలో ఆంబే హళద్ అని పిలుస్తారు. ఈ చివరి రెండు భాషలవారూ దీన్ని పసుపుగా గుర్తించారు. మనమూ తమిళులూ కన్నడిగులూ బెంగాలీలూ అల్లం అన్నాం. వృక్షశాస్త్రం మాత్రం హిందీ, మరాఠీల పక్షమే.

మామిడి వాసన ఎక్కడిది?

మామిడి ద్విదళబీజపు చెట్టు, ఇది ఏకదళబీజపు మొక్క. రెంటికీ చుట్టరికం లేదు. అయినా వాసన ఒకటే ఎందుకయింది? కారణం రసాయనశాస్త్రంలో ఉంది. మిర్సీన్, ఓసిమీన్, కారీన్ వంటి టెర్పీన్లనే ఆవిరయ్యే నూనెలు మామిడికాయలోనూ ఉన్నాయి, మామిడి అల్లంలోనూ ఉన్నాయి. వేరువేరు కుటుంబాల మొక్కలు ఒకే రకం పదార్థాన్ని తయారుచేసుకోవటం ప్రకృతిలో కొత్త కాదు. ఇవి ఆవిరయ్యే నూనెలు గనుక పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచితే వాసన పోతుంది. అందుకే మన ఆడవాళ్ళు మామిడి అల్లాన్ని పచ్చిగానో, చివర్లోనో వేస్తారు. వాళ్ళు టెర్పీన్ల పేరు వినలేదు గానీ సంగతి మాత్రం మనకంటె ముందే తెలుసు.

నేను చేసిన పొరపాటు

సాగు పద్ధతి చెప్పేముందు నా పొరపాటు చెప్పుకోవాలి. లేకపోతే కింద రాసిన జాగ్రత్తలు ఎందుకో మీకు తెలియదు.

మా పెరట్లోని మామిడి అల్లం మా నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకుని తెచ్చిన నాలుగు కొమ్ముల సంతతి. ఏటా తవ్వటం, సగం పచ్చడికి, సగం విత్తనానికి. 2023లో నేను ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలో చేరబోతున్నాను. నాకు తెలిసిన శాస్త్రమంతా ఒక్కసారి చూపించాలన్న ఉబలాటం కొద్దీ ఆ ఏడు విత్తనమంతా నేనే నాటుతానన్నాను. డాబా మీద పాత సిమెంటు తొట్టె ఒకటుంది. దాన్నిండా చేలోని నల్లరేగడి మట్టి పోసి, కొమ్ములన్నీ అందులోనే నాటాను. తొట్టెకు అడుగున చిల్లు లేదు. నేనూ చూడలేదు. రోజూ పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె నీళ్ళు. చాలదన్నట్టు రెండుసార్లు గుప్పెళ్ళతో యూరియా. ఆకులు అరటాకుల్లా లేచాయి. నేను పొంగిపోయాను.

నాయనమ్మ ఒకరోజు మెట్లెక్కి వచ్చి చూసి, "ఒరేయ్ అబ్బాయ్, మొక్కకు దాహమేసినప్పుడు పొయ్యాలి గానీ, నీకు గుర్తొచ్చినప్పుడల్లా కాదురా" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

సెప్టెంబరు ముసుర్లలో ఆకులు అంచుల నుంచి పసుపురంగుకు తిరిగాయి. కాండం పట్టుకుని లాగితే చేతిలోకి ఊడివచ్చింది. తవ్వి చూస్తే కొమ్ములన్నీ మెత్తగా బురదై, దుర్వాసన వేస్తున్నాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. నాయనమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మా అమ్మ చేతి విత్తనం" అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

బజారులో మామిడి అల్లం దొరకదా అని మీరనవచ్చు. దొరుకుతుంది. అయితే ఇక్కడొక సంగతి ఉంది. ఈ జాతి మొక్కల్ని గింజతో పెంచరు. పసుపునే తీసుకుంటే దానికి 63 క్రోమోజోములు, అనగా 21 చొప్పున మూడు జట్లు. మూడు జట్లు సమంగా జతపడవు గనుక మంచి గింజ రావటం బహు అరుదు. మామిడి అల్లానికి 42 క్రోమోజోములే ఉన్నా దాన్ని కూడా రైతులు దుంపతోనే పెంచుతారు. దీన్నే మనం తరగతిలో శాఖీయోత్పత్తి అని చదువుకున్నాం. దుంప ముక్క నుంచి వచ్చిన మొక్క జన్యుపరంగా తల్లి మొక్కే. అంటే మా నాయనమ్మ తల్లి పెరట్లో ఉన్న మొక్కా, నా తొట్టెలో చచ్చిపోయిన మొక్కా ఒక్కటే. ఎన్నో ఏళ్ళుగా బతుకుతున్న ఒకే మొక్కను నేను నాలుగు నెలల్లో చంపాను. పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన శాఖీయోత్పత్తి అర్థం నాకు ఆ రోజు తెలిసింది.

ఆ కథ తరువాయి చివర చెబుతాను. ఇక సాగు పద్ధతి.

విత్తనపు కొమ్ము

మామిడి అల్లం నాటటానికి మే నెల చివరి నుంచి జూన్ తొలకరి దాకా మంచి అదను. ఏప్రిల్, మే నెలల్లో కొమ్ముల మీద కళ్ళు వాటంతటవే ఉబ్బుతాయి. అటువంటివే ఎంచుకోవాలి. ఒక్కొక్క ముక్క 20 నుంచి 30 గ్రాముల బరువుండి, కనీసం ఒకటి రెండు మంచి కళ్ళు ఉండాలి. నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడ్డవీ, ముడతలు పడ్డవీ, తెల్లని పొలుసులు అంటుకున్నవీ పనికిరావు. ఆ పొలుసులు దుంప రసం పీల్చే పొలుసు పురుగులు.

బజారులో కొనేటప్పుడు ఒక ముక్క గిల్లి వాసన చూడండి. మామిడి వాసన రాకపోతే వద్దు. ఆమా హల్దీ పేరుతో వేరే అడవి పసుపు రకాలు అమ్మటం కద్దు. అసలు మామిడి అల్లం లోపల లేత పసుపు రంగులో ఉంటుంది. పెద్ద దుంపను కోసి ముక్కలు చేస్తే, కోసిన చోట బూడిద అద్ది ఒకటి రెండు రోజులు నీడన ఆరనివ్వాలి. పచ్చి గాయంతో నాటితే కుళ్ళుకు దారి చూపినట్టే.

మట్టి, కుండీ

దుంప పక్కలకు పాకుతుంది గనుక కుండీకి లోతుకంటె వెడల్పు ముఖ్యం. సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 25 నుంచి 30 సెంటీమీటర్ల లోతు ఉంటే రెండు ముక్కలు నాటవచ్చు. గోనెసంచి గానీ, బియ్యం వచ్చిన ప్లాస్టిక్ సంచి గానీ సగానికి మడిచి వాడుకున్నా సరిపోతుంది. ఏది వాడినా అడుగున చిల్లులుండాలి. ఈ మాట కింద గీత గీసుకోండి.

మట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలపాలి. నల్లరేగడి అయితే ఇసుక రెండు పాళ్ళు వేసినా తప్పు లేదు. గుప్పెడు వేపపిండి కలిపితే మంచిది. దొరికితే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రపు పొడిని ఎరువులో కలిపి, తడిపి, వారం రోజులు నీడన మాగబెట్టి వాడితే కుళ్ళు తెగులుకు అడ్డుకట్ట. నేల మీద వేసేవారు జానెడు ఎత్తు మడి కట్టి గానీ, బోదెలు తోలి గానీ వేయాలి. పల్లంలో వేయకూడదు.

నాటటం

కన్ను పైకి ఉండేటట్టు 4, 5 సెంటీమీటర్ల లోతున పడుకోబెట్టి మట్టి కప్పాలి. నేల మీదయితే వరుసల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్లు దూరం ఉంచాలి. పైన ఎండుటాకులు గానీ, వరిగడ్డి గానీ రెండంగుళాల మందాన పరచాలి. దీనివల్ల చెమ్మ నిలుస్తుంది, కలుపు అణుగుతుంది, వానచినుకు దెబ్బకు మట్టి గట్టిపడదు. మొలక రావటానికి రెండు మూడు వారాలు, ఒక్కొక్కప్పుడు నెల కూడా పడుతుంది. మొలిచిందో లేదోనని రోజూ తవ్వి చూడకండి. మా తమ్ముడు అలా చూసే ఒక కన్ను విరిచాడు.

ఈ మొక్కకు ఎర్రటి ఎండ అక్కర్లేదు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు దీనికి హాయి. కొబ్బరి, అరటి, మునగ చెట్ల కింద బాగా వస్తుంది. చిక్కటి చీకటి నీడలో మాత్రం ఆకు పెరుగుతుంది, దుంప ఊరదు.

నీరు

నాటిన రోజున ఒకసారి తడపండి. మొలక వచ్చేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు. ఆ తర్వాత వేలు మొదటి కణుపు దాకా మట్టిలోకి దించి చూడాలి. వేలికి తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. వానలు పడుతుంటే అసలే వద్దు. పైగా కుండీలో నీరు నిలిచిందేమో చూసుకోవాలి.

నీరెక్కువైతే ఏమవుతుంది? మట్టి రేణువుల మధ్య ఉండే గాలిని నీరు తరిమేస్తుంది. వేళ్ళకు ప్రాణవాయువు అందదు, శ్వాసక్రియ కుంటుబడుతుంది. సరిగ్గా అప్పుడే పిథియం అనే సూక్ష్మజీవి విజృంభిస్తుంది. దీని జూస్పోర్లకు ఈదటానికి కశాభాలుంటాయి. నీరు నిలిచిన మట్టి వాటికి చెరువు వంటిది. ఈదుకుంటూ వచ్చి వేళ్ళకు అంటుకుని దుంపలో చొరబడతాయి. దీన్నే రైతులు దుంపకుళ్ళు అంటారు. నా తొట్టెలో జరిగింది ఇదే. నేను పోసిన ప్రతి బిందె ఆ శత్రువు ఈదటానికే పనికొచ్చింది.

ఎరువు, మట్టి ఎగదోయటం

నాటిన 45 రోజులకు ఒకసారి, 90 రోజులకు మరొకసారి కలుపు తీసి, కుండీకి రెండు గుప్పెళ్ళ చివికిన ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ వేసి, మొదలు చుట్టూ మట్టి ఎగదోయాలి. పైకి తేలిన దుంపను మట్టితో కప్పటం తప్పనిసరి. కట్టెపొయ్యి ఉన్న ఇళ్ళవారు చెంచాడు బూడిద చల్లితే పొటాషియం అందుతుంది. యూరియా జోలికి పోకండి. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకుల మీద పడి దుంపను మరిచిపోతుంది. లేతబడ్డ మొక్కకు తెగుళ్ళూ తొందరగా వస్తాయి.

తెగుళ్ళు, పురుగులు

మొవ్వు ఒక్కటే ఎండిపోయి, కాండానికి చిన్న చిల్లు, దాని దగ్గర పురుగు పెంట కనిపిస్తే అది మొవ్వు తొలిచే పురుగు. ఆ పిలకను మొదలంటా కోసి తగలబెట్టాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి మిగిలిన వాటిమీద చల్లవచ్చు.

దుంపకుళ్ళు సోకిన మొక్కను చుట్టూ మట్టితో సహా తీసి దూరంగా పారేయాలి. నీళ్ళు ఆపాలి. మిగిలిన వాటి మొదళ్ళలో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయవచ్చు. మైలుతుత్తం 100 గ్రాములు 5 లీటర్ల నీటిలో, సున్నం 100 గ్రాములు మరో 5 లీటర్ల నీటిలో విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలో పోస్తూ కలియబెట్టాలి. మట్టి గానీ ప్లాస్టిక్ గానీ పాత్రలే వాడాలి. శుభ్రమైన ఇనుప చాకు అందులో కాసేపు ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టకూడదు. పడితే ఇనుము రాగిని బయటికి తోసిందన్నమాట. అనగా రాగి లవణం ఇంకా మిగిలి ఉంది, మరికొంచెం సున్నం కలపాలి. ప్రయోగశాలలో చేసిన స్థానభ్రంశ చర్యకు ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు. ఈ మిశ్రమం ఏ రోజుది ఆ రోజే వాడాలి.

తవ్వటం, దాచటం

నాటిన ఆరేడు నెలలకు, అంటే డిసెంబరు జనవరి మాసాల్లో ఆకులు పండి ఎండి వాలిపోతాయి. చాలామంది మొక్క చచ్చిపోయిందని ఇంకా నీళ్ళు పోస్తారు. అది చావు కాదు, నిద్ర. ఆకుల్లో తయారైన ఆహారమంతా దుంపలోకి దించుకుని మొక్క విశ్రాంతి తీసుకుంటుంది. అప్పుడు నీళ్ళు పోస్తే చేజేతులా కుళ్ళబెట్టినట్టే. నీళ్ళు మానేసి, పది పదిహేను రోజులు ఆగి, దెబ్బ తగలకుండా చేత్తో తవ్వాలి. కుండీ అయితే బోర్లిస్తే సరి.

తినటానికి కావలసింది వాడుకుని, విత్తనానికి లావుపాటి, మచ్చలేని కొమ్ములు ముందే పక్కన పెట్టండి. మిగిలితే చూద్దాంలే అనుకుంటే మిగలవు. వాటిని కడగకుండా మట్టి దులిపి, నీడన ఆరబెట్టి, మట్టి కుండలో పొడి ఇసుక ఒక వరుస, కొమ్ములు ఒక వరుసగా పేర్చి చల్లని చోట ఉంచాలి. కుండ మూతి గుడ్డతో కట్టాలి గానీ గాలాడకుండా మూయకూడదు. నెలకొకసారి చూసి, మెత్తబడ్డవి తీసేయాలి.

వంటింట్లో

చెక్కు తీసి సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం, చీల్చిన పచ్చిమిరపకాయలు కలిపి ఒక రోజు ఊరనిస్తే పెరుగన్నంలోకి దాన్ని మించింది లేదు. తురిమి మజ్జిగలో వేసుకోవచ్చు. దించబోయే ముందు పప్పులో వేయవచ్చు. చింతపండు, ఎండుమిర్చి, బెల్లంతో రోటి పచ్చడి మా ఇంటి పద్ధతి. మామిడికాయలు లేని చలికాలంలో మామిడి రుచి దొరకటం దీని గొప్పతనం.

కథ తరువాయి

2024 సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాను. పక్కింటి పిన్ని అరిసెలిచ్చేందుకు వచ్చి, మాటల్లో "అత్తయ్యా, మీరప్పుడెప్పుడో ఇచ్చిన మామిడల్లం మా కొబ్బరిచెట్టు కింద ఇంకా ఉంది, ఎవరూ తవ్వలేదు" అంది. నాయనమ్మ చేతికర్ర కూడా మరిచిపోయి లేచింది. నేను పలుగు పట్టుకుని వెంట వెళ్ళాను. చెట్టు మొదట్లో చిన్న దిబ్బ. వాలు నేల, వాననీరు నిలిచే వీల్లేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ యూరియా వేయలేదు. పైన కొబ్బరాకు నీడ, కింద రాలిన ఆకుల కప్పు. నేను ఇప్పటిదాకా రాసినవన్నీ అక్కడ వాటంతటవే అమరి ఉన్నాయి. గంపలో సగానికి వచ్చింది. నాయనమ్మ ఒక కొమ్ము గిల్లి, వాసన చూసి, "ఇదేరా" అంది. అంతే.

పిన్నికి సగం ఇచ్చి, మిగతావి విత్తనానికి దాచాం. ఆ జూన్‌లో నేను ఒక్కచోట నాటలేదు. నాలుగు మా పెరట్లో, నాలుగు చేలో గట్టు మీద, నాలుగు మా మేనత్తగారింట్లో, రెండు మా హాస్టల్ వెనకాల బియ్యపు సంచిలో. 2025 జనవరిలో హాస్టల్ సంచి బోర్లిస్తే రెండు ముక్కల నుంచి అర కిలో పైచిలుకు వచ్చింది. ఆ ఆదివారం మెస్‌లో పెరుగన్నం ఎవరూ వదిలిపెట్టలేదు. వాసన చూసి "మామిడికాయ ఎక్కడిదిరా ఈ కాలంలో" అని అడిగిన మిత్రులకు తలో కొమ్మూ ఇచ్చాను.

మిత్రులారా! గింజ లేని మొక్కకు పక్కింటి పెరడే విత్తనాల కొట్టు. మన దగ్గర ఉన్న మంచి రకాన్ని ఇంకో రెండిళ్ళకు ఇచ్చి ఉంచితే, మన పొరపాటు వల్ల అది పోయినా వాళ్ళ దగ్గర బతికే ఉంటుంది. ఇది నేను పుస్తకంలో చదవలేదు, మా నాయనమ్మ ఎప్పుడో చేసి మరిచిపోయిన పని వల్ల తెలుసుకున్నాను.

ఈ వ్యాసం చదివి ఒక్కరు ఒక్క కుండీలో మామిడి అల్లం నాటినా నా శ్రమ ఫలించినట్లే. కొమ్ము కావలసినవారు ఏప్రిల్, మే నెలల్లో హాస్టల్‌కు వచ్చి అడగవచ్చు. తీసుకున్నవారు మరుసటి ఏడు మరో ఇద్దరికి ఇవ్వాలన్నదొక్కటే షరతు. కుండీకి చిల్లు ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి!